ఇంట్లో ఎయిర్ క్వాలిటీ మానిటర్: వాడి చూశాక నా మాట

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. గ్రాఫ్‌కి ఐదు, అంకెలకి మూడు, యాప్‌కి ఒకటి వేసి, గ్రాఫ్ మీద అభిమానంతో కాస్త పైకి లాగితే వచ్చిన మార్కు అది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి డబ్బాల మీద పేరేదున్నా లోపలి సెన్సార్లు ఇంచుమించు ఒకే కోవకి చెందినవి. కాబట్టి నేను చెప్పే మంచీ చెడూ చాలావాటికి వర్తిస్తుంది.

నాకు ఉబ్బసం. ఇన్‌హేలర్ హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి, మంచం పక్కన ఒకటి ఉంటాయి. ఏ పూట ఊపిరి బిగుస్తుందో కాస్త ముందుగా తెలిస్తే ఆ పూట కిటికీలు మూసుకుని కూర్చోవచ్చు కదా అని దీన్ని తెప్పించుకున్నాను. అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా, ముందు చిన్న తెర. దాని మీద పీఎం 2.5, పీఎం 10, కార్బన్ డయాక్సైడ్, టెంపరేచర్, తేమ, వాతావరణ పీడనం కనిపిస్తాయి. టీవీఓసీ అని ఇంకో అంకె కూడా ఉంది. రంగుల వాసనలు, స్ప్రేలు, క్లీనింగ్ ద్రవాల ఆవిరి లాంటివాటికి అది కదులుతుంది. దాని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు, ఏ ఆవిరి ఎంతుందో అది చెప్పదు. సెంటు కొట్టుకున్నా సరే గంతులేస్తుంది.

అసలు పని పీఎం 2.5ది. 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే చిన్న రేణువులన్నీ కలిపి ఘనపు మీటర్ గాలిలో ఎన్ని మైక్రోగ్రాములున్నాయన్నది ఆ అంకె. మన వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే వీటిలో పెద్దవి కూడా దానిలో ఇరవయ్యో వంతుకి మించవు. ముక్కు వెంట్రుకలకీ గొంతులోని తడికీ చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేవి ఇవే.

డబ్బా వెనక వైపు చిన్న ఫ్యాన్ తిరుగుతూ గదిలోని గాలిని లోపలికి లాగుతుంది. లోపల సన్నటి లేజర్ కిరణం ఉంటుంది. రేణువు ఆ కిరణంలోకి వచ్చినప్పుడల్లా కాస్త వెలుగు పక్కకి చెదురుతుంది. పక్కనున్న కాంతి సెన్సార్ ఆ మెరుపుల్ని లెక్కపెట్టి, మెరుపు ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి రేణువు సైజు అంచనా కడుతుంది. ఇక్కడే ఉంది అసలు కిటుకు. తెర మీద చూపించేది బరువు, కానీ ఈ డబ్బా దేన్నీ తూచదు. వెలుగుని చూసి, ఫ్యాక్టరీలో పెట్టిన ఫార్ములాతో బరువు ఊహిస్తుంది. రేణువులన్నీ గుండ్రంగా ఉంటాయని, అన్నిటికీ ఒకే సాంద్రత ఉంటుందని ఆ ఫార్ములా నమ్మకం. వంటింటి నూనె పొగ, మట్టి దుమ్ము, డీజిల్ మసి ఒక్కొక్కటీ వెలుగుని ఒక్కోలా చెదరగొడతాయి. మసి అయితే నల్లనిది, వెలుగుని మింగేస్తుంది. పైగా మసి రేణువుల్లో చాలాభాగం 0.3 మైక్రాన్ల కంటే చిన్నవి, ఈ లేజర్‌కి అవి ఆనవు. అందుకే డబ్బా 80 అన్నప్పుడు నేను దాన్ని "60 నుంచి 110 మధ్య ఏదో" అని చదువుకుంటాను. నిన్నటి కంటే ఇవాళ ఎక్కువా తక్కువా, పొద్దుటి కంటే సాయంత్రం మేలా అని అడిగితే మాత్రం నిక్కచ్చిగా చెబుతుంది. నేను దీన్ని ఇంకా వాడుతున్నది ఆ ఒక్క గుణం కోసమే.

యాప్‌లో గ్రాఫ్ తెరిచి వారం రోజులది ఒకేసారి చూస్తే రోజూ దాదాపు ఒకే ఆకారం కనిపిస్తుంది. చీకటి పడ్డాక గీత ఎక్కడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రికి రోడ్డు మీద బండ్లు తగ్గినా అది దిగదు. తెల్లవారుజామున, మళ్లీ బండ్లు మొదలయ్యే వేళకి శిఖరం మీద ఉంటుంది. ఎండ ఎక్కాక తొమ్మిది పది గంటల మధ్య జారడం మొదలై, మధ్యాహ్నం రెండు మూడింటికి అట్టడుగుకి వస్తుంది. రోడ్డు మీద బండ్లు తిరుగుతూనే ఉండే మధ్యాహ్నం పూట గాలి మేలుగా ఉండటం, ఊరంతా నిద్రపోయే వేళ చెడిపోవడం మొదట్లో అందరికీ తలకిందులుగా అనిపిస్తుంది.

కారణం పొగలో కంటే ఆకాశంలో ఎక్కువుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది, సగటున కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీలు. పగలు ఎండకి నేల కాగుతుంది, నేలని ఆనుకున్న గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. కింది పొగనంతా వెంటేసుకుని కిలోమీటరు, ఒక్కోసారి రెండు కిలోమీటర్ల ఎత్తుదాకా కలిపేస్తుంది. రాత్రి మేఘాల్లేకపోతే నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గబగబా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైనున్నదేమో ఇంకా వెచ్చగానే ఉంటుంది. కింద చల్లటి బరువు గాలి, పైన వెచ్చటి తేలిక గాలి ఉంటే రెండూ కలవవు. గిన్నె మీద మూత పెట్టినట్టే. వాతావరణ శాస్త్రంలో దీన్ని ఇన్వర్షన్ అంటారు. ఆ మూత ఒక్కోసారి నూటయాభై మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పగలు 1,500 మీటర్ల మందంలో సర్దుకున్న పొగ రాత్రి 150 మీటర్లలో ఇరుక్కుంటే, ఒక్క బండి కూడా అదనంగా తిరగకుండానే పదిరెట్లు చిక్కబడుతుంది. పొద్దెక్కి నేల మళ్లీ కాగేదాకా మూత లేవదు.

మా మామయ్యగారు తెల్లవారుజామున ఐదింటికి వాకింగ్‌కి వెళ్తారు. పొద్దుటి గాలి మందుతో సమానమని ఆయన నమ్మకం. గ్రాఫ్ చూపించాను.

"చల్లగా, హాయిగా ఉంటుంది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు.

"ఆ చల్లదనమే చిక్కు మామయ్యా. గాలి కదలకుండా కిందే పడి ఉంది. తొమ్మిదిన్నర దాటాక వెళ్లండి."

"తొమ్మిదిన్నరకి ఎండ నెత్తి మీదుంటుంది. నీ డబ్బా నడవదు కాబట్టి ఎన్నైనా చెబుతుంది."

ఇప్పుడు ఒప్పందం ఏమిటంటే, మబ్బు పట్టిన రోజుల్లో, గాలి వీచే రోజుల్లో ఆయన ఐదింటికే వెళ్తారు. ఆకాశం తేటగా ఉండి ఆకు కదలని రోజుల్లో సాయంత్రం పొద్దు వాలక ముందు వెళ్తారు. రాత్రి మబ్బుంటే అది నేల నుంచి వెళ్లే వేడిని తిరిగి కిందికి పంపిస్తుంది, నేల అంతగా చల్లబడదు, మూత గట్టిగా పడదు. గాలి వీస్తే పైదీ కిందిదీ కలిసిపోతాయి. ఇది ఆయనకి నచ్చింది. డబ్బాని చూడకుండా ఆకాశాన్ని చూసి నిర్ణయించుకోవచ్చుగా మరి.

ఆ మూత రాత్రికి పడి పొద్దున లేచిపోతే ఏదోలా నెట్టుకొస్తాం. పగలు కూడా లేవకపోతే ఏమవుతుందో 1952లో లండన్ చూసింది. డిసెంబర్ 5 నుంచి 9 దాకా నగరం మీద అధిక పీడనం తిష్ఠ వేసింది, గాలి స్తంభించింది, ఇళ్లలోని బొగ్గు పొయ్యిల పొగ పొగమంచుతో కలిసింది. చలికాలపు నీరెండ ఆ మంచుని చీల్చుకుని నేలని వేడి చేయలేకపోయింది, మూత అలాగే ఉండిపోయింది. అప్పటి లెక్కల్లో సుమారు 4,000 మంది చనిపోయారన్నారు. తర్వాతి పరిశోధనలు ఆ సంఖ్యని 12,000 దాకా తీసుకెళ్లాయి. బ్రిటన్‌లో స్వచ్ఛ గాలి చట్టం 1956లో వచ్చింది. ఆ ఐదు రోజులూ లండన్‌వాళ్లు కొత్తగా బొగ్గు కనిపెట్టలేదు, చలికి కాస్త ఎక్కువే అయినా ఏటా కాల్చినట్టే కాల్చారు. కాకపోతే ఆ వారం పొగకి పైకి దారి దొరకలేదు.

ఇక డబ్బా తడబడే చోటు. ఒక పొగమంచు పొద్దున పీఎం 2.5 ఉన్నట్టుండి 300 దాటేసి తెర ఊదా రంగులోకి పోయింది. నా ఊపిరి మాత్రం మామూలుగానే ఉంది. తేమ చూస్తే 96 శాతం. లేజర్‌కి మసి రేణువైనా నీటి బిందువైనా ఒకటే, రెండూ వెలుగుని చెదరగొడతాయి. పొగమంచు లేకపోయినా ఇదే గొడవ. గాలిలో తేలే రేణువుల్లో చాలావాటికి ఉప్పులాగా నీటిని పీల్చుకునే గుణం ఉంటుంది. తేమ 75, 80 శాతం దాటిందంటే అవి నీళ్లు తాగి ఉబ్బుతాయి. ఉబ్బిన రేణువు ఎక్కువ వెలుగుని చెదరగొడుతుంది, డబ్బా దాన్ని అదనపు కాలుష్యం కింద జమ వేసుకుంటుంది. ప్రభుత్వ స్టేషన్లలో ఉండే పెద్ద యంత్రాలు గాలిని లోపలికి తీసుకునేటప్పుడే కాస్త వేడిచేసి ఆ తడిని ఆరబెడతాయి. ఆ తర్వాత రేణువుల్ని ఫిల్టర్ టేపు మీదకి పట్టి, దాని గుండా బీటా కిరణాలు పంపి, ఎన్ని ఆగాయో చూసి బరువు కడతాయి. ఈ చిన్న డబ్బాకి అంత హంగామా ఎక్కడిది? తేమని కొలిచే సెన్సార్ పక్కనే ఉండి కూడా దాన్ని లెక్కలోకి తీసుకోదు చూడండి, నాకు కోపం అక్కడ. కాబట్టి తేమ 80 దాటితే పీఎం అంకెకి కోత వేసుకోండి. పూర్తిగా కొట్టిపారేయకండి కూడా, ఎందుకంటే పొగమంచు పడే రోజు మూత కూడా గట్టిగానే ఉంటుంది. సగం నీళ్లు, సగం నిజం అనుకోవచ్చు.

వాన సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే గాలి కడుక్కుపోతుందని అందరం అనుకుంటాం. సన్నటి తుంపర గంటల తరబడి పడుతున్నా గ్రాఫ్ బద్ధకంగా అక్కడే ఉండటం నేను చాలాసార్లు చూశాను. చినుకు కిందికి పడుతుంటే గాలి దాని పక్కల నుంచి తప్పుకుంటుంది. పుప్పొడి, మట్టి దుమ్ము లాంటి పెద్ద రేణువులు బరువు వల్ల పక్కకి తిరగలేక చినుకుని గుద్దుకుంటాయి, కొట్టుకుపోతాయి. మరీ సూక్ష్మమైనవి ఇష్టం వచ్చినట్టు గిలగిల కదులుతూ ఎక్కడో ఒకచోట చినుక్కి అంటుకుంటాయి. 0.1 నుంచి 1 మైక్రాన్ మధ్యవి రెండిటికీ చెడ్డవి. గుద్దుకునేంత బరువుండదు, గిలగిలలాడేంత తేలికా కాదు, గాలితో పాటు చినుకు పక్క నుంచి చల్లగా జారుకుంటాయి. పీఎం 2.5లో పెద్ద వాటా వీటిదే. వీటిని పట్టుకునేది ఎక్కువగా మేఘమే, అదీ తను పుట్టేటప్పుడు. నీటి ఆవిరి బిందువు కావాలంటే పట్టుకోవడానికి ఒక రేణువు కావాలి. 1880ల ప్రాంతంలో స్కాట్లండ్‌లో జాన్ ఐట్కెన్ అనే శాస్త్రవేత్త దూది గుండా వడగట్టిన గాలిని ఒక సీసాలో, మామూలు గాలిని ఇంకో సీసాలో పెట్టి రెండిట్లోకీ ఆవిరి పంపాడు. మామూలు గాలిలో తెల్లటి మబ్బు కమ్మింది, వడగట్టిన గాలి తేటగానే ఉండిపోయింది. మనం తిట్టుకునే ఈ దుమ్మే లేకపోతే మేఘమే కట్టదన్నమాట.

అయితే ఈదురుగాలితో వచ్చే గట్టి వానకి గీత నిమిషాల్లో నేలకి దిగుతుంది. తెర దగ్గర నిలబడి చూశాను, 70లో ఉన్నది మొదటి చినుకు పడకముందే 20ల్లోకి వచ్చింది. ఉరుముల మేఘం నుంచి చల్లటి గాలి కిందికి దూకి చుట్టూ పరుచుకుంటుంది. కింద పడి ఉన్న పాత గాలిని అది పక్కకి నెట్టేస్తుంది. కడిగేది చినుకుల కంటే ముందొచ్చే ఆ గాలి.

యాప్‌కి ఒకటే మార్కు ఎందుకిచ్చానో చెప్పాలి. తెరవగానే పెద్ద అక్షరాల్లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అని ఒక సంఖ్య చూపిస్తుంది, ఏ దేశపు ఏక్యూఐ అన్నది ఎక్కడా రాయదు. ఇది చిన్న విషయం కాదు. పీఎం 2.5 ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. భారత పద్ధతిలో అది 100, "సంతృప్తికరం" అనే మెట్టులో చివరిది. అమెరికా పద్ధతిలో అదే గాలి 150 దాటి "అనారోగ్యకరం" అనే ఎరుపులోకి వెళ్తుంది. గాలి అదే, ఊపిరితిత్తులూ అవే. ఇద్దరు స్నేహితులు వేరువేరు యాప్‌లు చూసుకుని వాదించుకుంటుంటే నాకు జాలేస్తుంది. పైగా ఏక్యూఐ మెట్లు 24 గంటల సగటు కోసం కట్టినవి. ఈ యాప్ ఆ క్షణంలో ఉన్న అంకెని అదే ఫార్ములాలో వేసేస్తుంది. వంటింట్లో నూనె కాగి పొగ వస్తే చాలు, "బయటికి వెళ్లకండి" అని ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. పొగ లోపల, సలహా బయటికి వెళ్లొద్దని!

నేను సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏక్యూఐ తీసేసి మైక్రోగ్రాములు పెట్టుకున్నాను. పక్కన పెట్టుకుని చూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన హద్దులు చాలు: 24 గంటల సగటు 15, ఏడాది సగటు 5. అంతకుముందు 2005 హద్దులు 25, 10గా ఉండేవి. చాలామందికి ఈ హద్దు అందని ద్రాక్షే. ప్రపంచ జనాభాలో 99 శాతం మంది పీల్చేది దీన్ని మించిన గాలేనని ఆ సంస్థే చెప్పింది. అందుకని 15 దాటిందని టెన్షన్ పడితే రోజూ టెన్షనే. నేను చూసుకునేది మా ఇంటి మామూలు రోజు ఎంత, ఇవాళ దానికి రెట్టింపు ఉందా అని.

కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ మాత్రం ఈ డబ్బాలో నిజంగా మంచి వస్తువు. ఇది ఎన్‌డీఐఆర్ రకం, 4.26 మైక్రాన్ల పరారుణ కాంతిని కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగిందో చూసి కొలుస్తుంది. భూమి వేడెక్కడానికి కారణమైన గుణాల్లో ఇదొకటి. అదే గుణంతో ఇంట్లో గాలి ఆడుతోందా లేదా తెలుసుకుంటున్నాం. కొనేముందు డబ్బా మీద ఈ పేరుందో లేదో చూడండి. చవక రకాల్లో "ఈసీఓ2" అని ఉంటుంది, అది వాసనల సెన్సార్ చూసి చెప్పే జోస్యం. తలుపులు వేసుకుని ఇద్దరం పడుకుంటే తెల్లారేసరికి మా పడకగదిలో 1,800 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 1,800 పాళ్లు) దాటుతుంది. అది విషం కాదు గానీ, మనం వదిలిన ఊపిరినే మళ్లీ మళ్లీ పీలుస్తున్నామన్న లెక్క. లేవగానే తల దిమ్ముగా ఉండేదానికి నేను దిండుని తిట్టేదాన్ని.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఈ సెన్సార్ తనని తాను సరిచేసుకుంటుంది. కొన్ని రోజులకోసారి, ఆ మధ్యలో చూసిన అతి తక్కువ అంకెని బయటి గాలి అనుకుని దాన్ని 400 పీపీఎంగా లెక్కేసుకుంటుంది. ఎప్పుడూ కిటికీ తీయని గదిలో పెడితే ఆ మురిగిన గాలినే 400 అనుకుని అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. అందుకని అప్పుడప్పుడూ కాసేపు కిటికీ గట్టు మీద పెట్టాలి. పైగా ఆ 400 అనే మైలురాయి కూడా పాతబడింది. పరిశ్రమలు రాకముందు 280, హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315, ఇప్పుడు బయటి గాలే 420 దాటింది. ఫ్యాక్టరీ ఫార్ములా ఇంకా వెనకే ఉంది.

రెండు సెన్సార్లూ పక్కపక్కన ఉంటే అసలు పీటముడి కనిపిస్తుంది. రాత్రి కిటికీ తీస్తే కార్బన్ డయాక్సైడ్ దిగుతుంది, మూత కింద ఇరుక్కున్న పొగ లోపలికొస్తుంది. కిటికీ వేస్తే పొగ తగ్గుతుంది, ఊపిరి మురుగుతుంది. హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ రేణువుల్ని పడుతుంది, కార్బన్ డయాక్సైడ్ జోలికి పోదు. మా ఇంట్లో కుదిరిన పద్ధతి ఇదీ: రాత్రి కిటికీలు మూసి, పడకగది తలుపు తెరిచి, ప్యూరిఫయర్ నెమ్మది స్పీడులో పెడతాం. మధ్యాహ్నం గ్రాఫ్ అడుగుకి వచ్చిన వేళ ఇంట్లో ఉన్న కిటికీలన్నీ బార్లా తీస్తాం. పొద్దున లేవగానే కిటికీలు తీసే అలవాటు మా అత్తయ్యది. ఆవిడతో ఇంకా చర్చలు జరుగుతున్నాయి.

పీడనం సెన్సార్‌ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఈ డబ్బాలో అన్నిటికంటే ముద్దొచ్చేది అదే. డబ్బాని మూడో అంతస్తు పైన మేడ మీదకి తీసుకెళ్తే అంకె ఒక హెక్టాపాస్కల్ తగ్గుతుంది. సముద్రమట్టానికి దగ్గర్లో ప్రతి ఎనిమిది మీటర్ల ఎత్తుకీ అంత తగ్గాలి, లెక్క సరిపోయింది. ఇంకా విచిత్రం, ఉష్ణమండలంలో ఉండేవాళ్లకి ఈ గీత రోజుకి రెండుసార్లు పొంగుతుంది. ఉదయం పది గంటల ప్రాంతంలో ఒక శిఖరం, రాత్రి పదికి ఇంకొకటి, సాయంత్రం నాలుగుకీ తెల్లవారుజామున నాలుగుకీ పల్లాలు. ఎత్తుకీ పల్లానికీ తేడా సుమారు మూడు హెక్టాపాస్కళ్లు. ఇది గాలికి వచ్చే ఆటుపోటు, కాకపోతే చంద్రుడి ప్రభావం ఇందులో బహు స్వల్పం. గాలిలోని నీటి ఆవిరినీ పైనున్న ఓజోన్‌నీ సూర్యుడు వేడిచేస్తే వాతావరణం మొత్తం పన్నెండు గంటల తాళంలో ఊగుతుంది. చల్లటి దేశాల్లో తుఫాన్ల ఎగుడుదిగుళ్లలో ఇది కనబడకుండా పోతుంది. మనకి ఇంట్లో కూర్చుని కనిపిస్తుంది. కంపెనీ తన ప్రకటనలో దీని గురించి ఒక్క ముక్క రాయలేదు.

పీఎం గీత కింద పీడనం గీత పెట్టి చూడండి. రోజువారీ పొంగు పక్కన పెడితే, పీడనం రెండు మూడు రోజులు ఎక్కువగా నిలబడిందంటే పైనుంచి గాలి మెల్లగా కిందికి దిగుతోందని అర్థం. ఆకాశం తేట, గాలి నెమ్మది, రాత్రి మూత గట్టి. రోజురోజుకీ పీఎం గీత అడుగు కూడా పైకి జరుగుతుంది. నా ఇన్‌హేలర్ సంచిలో ఉందో లేదో చూసుకునేది అప్పుడే. పీడనం పడిపోతుంటే గాలి లేస్తుంది, మబ్బు పడుతుంది, ఊపిరి తేలికవుతుంది.

కొలవని వాటి గురించి కూడా తెలుసుకుని కొనాలి. నేల దగ్గర ఉంటే ఊపిరితిత్తులకి చెడు చేసే ఓజోన్‌ని ఇది కొలవదు. బండ్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోల్ లాంటి ఆవిర్లు ఎండలో కలిసి ఓజోన్ తయారవుతుంది. 1950ల మొదట్లో లాస్ ఏంజెలెస్ పొగ గుట్టు విప్పిన ఆరీ హాగెన్-స్మిట్ అక్కడి గాలిలో రబ్బరు ముక్కలు పగుళ్లివ్వడం చూసి దాన్ని పట్టుకున్నాడు. ఓజోన్ పెరిగేది సరిగ్గా మధ్యాహ్నం, అంటే డబ్బా పచ్చరంగులో నవ్వే వేళ. మండుటెండ రోజుల్లో తెర 18 చూపిస్తున్నా నాకు గొంతు గరగరలాడుతుంది. డబ్బా చెప్పలేదని లేదనుకోను. అందుకే ఆ రోజుల్లో కిటికీలు రెండింటికి కాకుండా పదకొండుకే తీసి మూసేస్తాను. కార్బన్ మోనాక్సైడ్‌నీ ఇది పసిగట్టదు. గ్యాస్ గీజర్, బొగ్గుల కుంపటి ఉన్నవాళ్లు ఇది ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, దానికి అలారం వేరే ఉంటుంది.

10 మైక్రాన్ల దాకా ఉన్న రేణువుల్ని లెక్కించాల్సిన పీఎం 10 అంకె ఉత్త అలంకారం. ఇల్లు ఊడుస్తుంటే కిటికీ ఎండలో దుమ్ము లేవడం కంటికి కనిపిస్తుంది, పీఎం 10 మాత్రం పీఎం 2.5కి నాలుగైదు కలిపి చూపించి ఊరుకుంటుంది. పెద్ద రేణువులు ఆ చిన్న ఫ్యాన్ లాగుడికి లోపలిదాకా రావు. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల రేణువు రెండు మీటర్ల ఎత్తు నుంచి నేలకి దిగడానికి పది పన్నెండు నిమిషాలు చాలు. 1 మైక్రాన్‌ది అదే దూరం దిగడానికి 16 గంటలు పడుతుంది. ఊడ్చిన దుమ్ము గురించి అంత దిగులక్కర్లేదు, వంట పొగ గురించి పడండి.

చిల్లర ఫిర్యాదులు కొన్ని. టెంపరేచర్ రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, తన వేడే తను కొలుచుకుంటోంది. దానివల్ల తేమ తక్కువ చూపిస్తుంది. రాత్రి పీఎం పెరిగితే తెర ఎర్రగా వెలుగుతుంది. మా ఆయన దాన్ని గోడ వైపు తిప్పి పడుకుంటారు, గోడకి ఆనితే గాలి ఆడక అంకె స్తంభించిపోతుంది. ఏసీ గాలి తగిలే చోటా, పొయ్యి దగ్గరా పెట్టకండి. కూర్చున్నప్పుడు మన ముక్కు ఉండే ఎత్తులో, గోడకి జానెడు దూరంలో పెడితే చాలు. లేజర్ ఆయుష్షు 8,000 గంటలని కాగితంలో సన్న అక్షరాల్లో ఉంది. రాత్రింబవళ్లు నడిపితే ఏడాది కూడా నిండదు. సెట్టింగ్స్‌లో పది నిమిషాలకోసారి కొలిచేలా మార్చుకోండి, గ్రాఫ్ ఆకారం ఏమాత్రం మారదు.

ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉన్నవాళ్లు, ప్యూరిఫయర్ నిజంగా పనిచేస్తోందా అని అనుమానం ఉన్నవాళ్లు కొనొచ్చు. ఊరి గాలి ఎలా ఉందో కచ్చితంగా తెలియాలంటే దగ్గర్లోని ప్రభుత్వ స్టేషన్ అంకె ఉచితంగానే దొరుకుతుంది, దానికిది అక్కర్లేదు. టెంపరేచర్ తేడా సరిచేసుకునే మీట యాప్‌లో పెట్టమని కస్టమర్ కేర్‌కి రాశాను. వచ్చే అప్‌డేట్‌లో వస్తుందన్నారు. ఆ తర్వాత రెండు అప్‌డేట్లు వచ్చాయి. మొదటిదాంట్లో రంగులు మార్చారు, రెండోదాంట్లో ఏక్యూఐ అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేశారు.